తెల్లూట నుంచి వచ్చిన నలభై మొక్కలు

కడియపులంక నర్సరీల్లో చిట్టియ్య చేతికున్న పేరు చిట్టియ్యకి లేదు. మనిషి ఎలా ఉన్నాడని ఎవరూ అడగరు, చెయ్యి ఖాళీగా ఉందా అని మాత్రం అడుగుతారు. కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు మొదటి కొబ్బరిమొక్క ఆయన చేతే పాతించుకుంటారు. చర్చి ఆవరణలో పొగడమొక్కని పాస్టరుగారు ముందు ఆయన చేత నాటించి, ఆ తరవాతే ప్రార్థన చేశారు. ఆ వరస తప్పని సంఘంలో ఒక్కరూ అనలేదు. హస్తవాసి అంటే చిట్టియ్యదే, ఎండుపుల్ల గుచ్చినా మూడోనాటికి చిగురేస్తుందని చుట్టుపక్కల నాలుగూళ్ళూ చెప్పుకుంటాయి. చిట్టియ్య ఈ మాటని ఏనాడూ ఔననలేదు. కాదనీ అనలేదు.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. పన్నెండో ఏట పల్లంరాజుగారి నాన్నగారి దగ్గర నీళ్ళు మొయ్యడానికి చేరి, ఇప్పుడు పల్లంరాజుగారి దగ్గర అంటు కట్టే పనిలో ఉన్నాడు. భార్య సంపూర్ణమ్మ అదే నర్సరీలో, పాక కింద పీట వేసుకుని కవర్లలోకి మట్టి నింపుతుంది. రోజుకి ఎనిమిది వందల కవర్లు నింపుతుంది. ఆమె చేతికి మాత్రం ఏ పేరూ లేదు. ఉన్నదల్లా ఒక అలవాటు. గంటకోసారి తమలపాకు పడాలి. ఆకు తొడిమ గిల్లి, ఈనె తీసి, వేలితో సున్నం రాసి, వక్క పెట్టి మడిచి బుగ్గన పెట్టాక వేలికి ఇంకాస్త సున్నం మిగులుతుంది. మిగిలినదాన్ని చేతికి ఏది అందితే దానికి పూస్తుంది. పాక గుంజ ఆమె కూర్చున్న ఎత్తు వరకూ తెల్లగా పేరుకుపోయింది.

"పుయ్యడానికి ఇదేమన్నా మీ నాన్న కట్టించిన గోడా?" అని ముప్ఫై నాలుగేళ్ళుగా చిట్టియ్య అడుగుతున్నాడు.

"మా నాన్న గోడైతే పూసేదాన్నా?" అని ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె చెబుతోంది.

ఇద్దరి మధ్యా ఇంతకంటే పెద్ద తగువు లేదు.

కిందటేడు జూలైలో, ముసురు పట్టిన ఒక మంగళవారం నాడు, కాకినాడ నుంచి ఆశాజ్యోతి అనే లెక్చరరు జీపులో వచ్చింది. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. జీపు వెనకాల తడినాచులో చుట్టిన నలభై మొక్కలు, పక్కన ఒక గోనెసంచీ ఉన్నాయి. మొక్కలు జానెడేసి. గుండ్రటి ఆకులు, సన్నటి కాడలు, వేళ్ళకి తెల్లటి పక్కు. పువ్వు ఊసే లేదు. పల్లంరాజుగారు ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎవరు కొంటారండీ?" అన్నారు.

"కొనడానిక్కాదండి, బతికించడానికి," అందావిడ.

మన్యంలో తెల్లూట అని ఒక చోటుందిట. సముద్రానికి మూడున్నర వేల అడుగుల ఎత్తున. కొండ మీద పడ్డ నీళ్ళు కిందికి పారిపోవాలి కదా, అక్కడ మాత్రం పోవు, నిలిచిపోతాయి. అడవి మధ్యన చిత్తడి, చిత్తడిలోనే అడవి. ఆవిడ ఫోన్‌లో వీడియో చూపించింది. చెట్లు బురదలోంచి వేళ్ళని మోకాళ్ళలా పైకి లేపి నిలబడ్డాయి. వాటి నీడలో మనిషెత్తు ఫెర్నులు, అడవి అల్లం, తుంగ. కొమ్మల మీద ఆర్కిడ్లు. నాచు పైన పచ్చగా ఉంది, కింద తెల్లగా గట్టిపడి ఉంది. నీళ్ళల్లో రాలిన ఆకుల మీద కూడా తెల్లటి పొర కట్టింది.

"కొండంతా సున్నపురాయండి, చిట్టియ్యగారూ. ఆ రాతిలోంచి ఊరిన నీళ్ళకే ఈ మొక్కలన్నీ అలవాటుపడ్డాయి. వీటిలో చాలావాటిని పక్క కొండ మీద పెట్టినా బతకవు," అంది.

చిట్టియ్య విన్నాడు. విన్నాడు గానీ, ఆ మాటకీ తను చెయ్యబోయే పనికీ సంబంధం ఉందని అనుకోలేదు.

తెల్లూటలో సగం మీదుగా రోడ్డు పడుతోంది. ఈ గుండ్రాకుల మొక్క ఉన్నది సరిగ్గా ఆ సగంలోనే. అవతలి సగంలో ఆవిడ మూడేళ్ళు వెతికినా ఒక్కటి కనబడలేదు. మట్టి తోలేలోగా అనుమతి తెచ్చుకుని ఈ నలభై పెకలించుకొచ్చింది. వీటిని పెంచి, పిలకలు తీసి, అవతలి సగంలో నాటాలి. "ఇవి పోతే, నాకు తెలిసినంతలో ఇంకెక్కడా లేవండి. మీ చెయ్యి గురించి విని వచ్చాను," అని చెప్పి, ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి రాజుగారికిచ్చి, "ఆ గోనెసంచీ జాగ్రత్తండి, మట్టిలో కలపాలి," అని జీపెక్కింది.

రాజుగారు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి క్యాలెండరు వెనక పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

చిట్టియ్య సంచీ మూతి విప్పి చూశాడు. అన్నీ తెల్లటి గులకరాళ్ళు, రాతిపొడి. డెల్టాలో పుట్టినవాడికి మట్టిలో రాయంటే అన్నంలో రాయే. కడియపులంకలో ఏ నర్సరీ కవరు చించి మట్టి నలిపినా వేలికి ఒక్క పలుకు తగలకూడదు. తగిలిందా, ఆ నర్సరీ పరువు కాలవలో కలిసినట్టే. పైగా గోదారి ఒండ్రు తగిలాక బతకనని మొరాయించిన మొక్కని చిట్టియ్య నలభై ఆరేళ్ళలో చూడలేదు.

"చదువుకున్న పిల్ల, పాపం," అన్నాడు సంపూర్ణమ్మతో. "కొండ మీద గతిలేక రాళ్ళల్లో పెరిగాయి. మన ఇంటికొచ్చాక కూడా రాళ్ళే పెడతామా?"

గేటు దగ్గర లారీలు దిగబడే గుంటలో సంచీ గుమ్మరించాడు. గుంట బాగా పూడింది. తరవాత ఒక్కో మొక్కనీ కాలవ నీళ్ళల్లో ముంచి, వేళ్ళకంటిన తెల్ల పక్కుని బొటనవేలితో రుద్ది రుద్ది కడిగాడు. చంటిపిల్లకి నలుగు పెట్టినంత ఓపిగ్గా కడిగాడు. ఒండ్రు, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నలభై కుండీల్లో నాటాడు. షేడ్‌నెట్ కింద ముప్ఫైతొమ్మిది పట్టాయి. నలభయ్యోది పట్టక, పాకలో సంపూర్ణమ్మ పీట పక్కన పెట్టాడు.

"మూడు నెలల్లో పిలకలు తీసేద్దామండి," అని రాజుగారికి చెప్పాడు.

ఆగస్టు ఆఖరుకి చిగుళ్ళు ముడుచుకుని నల్లబడ్డాయి. బలం చాలలేదనుకుని ఎరువు ఇంకాస్త వేశాడు. వేపపిండి వేశాడు. నీడ పెంచాడు. నీడ తగ్గించాడు. రెండుపూటలా నీళ్ళు పోశాడు, ఒకపూట మానాడు. ఆయన ఎంత సేవ చేస్తే అవి అంత తొందరగా పోయాయి. సెప్టెంబరు చివరికి పన్నెండు మిగిలాయి. దసరా వెళ్ళేసరికి నాలుగు. దీపావళి నాటికి నెట్ కింద కుండీలన్నీ ఖాళీ.

సంపూర్ణమ్మ పీట పక్కనున్న ఒక్కటి మాత్రం బతికుంది. ఉత్తినే బతికుండడం కాదు, కొత్తగా ఆరు ఆకులేసింది. చిట్టియ్య దాని చుట్టూ తిరిగి చూశాడు. అదే మట్టి, అవే నీళ్ళు. నెట్ కంటే పాక నీడే దానికి సరిపడిందనుకుని, ఖాళీ కుండీలు తెచ్చి పాకలో పేర్చాడు. వాటిలో పెట్టడానికి ఏమీ లేదని తరవాత గుర్తొచ్చింది.

ఆశాజ్యోతి ప్రతి శనివారం ఫోన్ చేసేది.

"ఎలా ఉన్నాయండీ?"

"బాగున్నాయండి."

"ఒక ఫొటో పంపిస్తారా?"

పంపేవాడు. ఒకవారం తూర్పు నుంచి, ఒకవారం పడమర నుంచి, ఒకవారం పైనుంచి. ఒక్క మొక్కకి ఇన్ని వైపులుంటాయని ఆయనకి అంతకుముందు తెలీదు. ఆవిడ, "థాంక్సండి," అనేది. ఇంకేమీ అడిగేది కాదు. ఆదివారం చర్చిలో పాపపు ఒప్పుకోలు అందరూ కలిసి చదివేటప్పుడు చిట్టియ్య గొంతు తగ్గించేవాడు. నిజం చెప్పలేడు, అబద్ధం మొయ్యలేడు. మింగలేక కక్కలేక రోజులు నెట్టుకొచ్చాడు.

ఊళ్ళో మాట దాగుతుందా? వీరవరంలో ఒక గృహప్రవేశానికి రమ్మన్నవాళ్ళు, ముందురోజు కబురు పెట్టారు. "మీరు శ్రమపడి రానక్కర్లేదండి. వేరేవాళ్ళని చూసుకున్నాం." ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ మధ్యాహ్నం చిట్టియ్య అన్నం ముందు కూర్చుని, కలపకుండా లేచిపోయాడు. సిగ్గుకంటే ఎక్కువ భయం వేసింది. ఆయనకంటూ ఉన్నది ఆ చెయ్యి ఒక్కటే.

నవంబరు రెండో వారంలో సంపూర్ణమ్మ బుగ్గలో మంటంది. రాజమండ్రి తీసుకెళ్ళాడు. డాక్టరు టార్చి వేసి చూసి, లోపల తెల్లమచ్చ ఉందన్నాడు.

"ఆకు, వక్క, సున్నం అన్నీ ఇవాళ్టితో మానెయ్యాలమ్మా. మానేస్తే తగ్గుతుంది."

"తగ్గిస్తే సరిపోదా అండీ?"

"సరిపోదు."

బస్సులోనే ఆకుల పొట్లం పక్కసీటావిడకి ఇచ్చేసింది. సున్నం డబ్బీ మాత్రం వాళ్ళమ్మ ఇచ్చిన ఇత్తడిది, ఇవ్వబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి నోట్లో ఏమీ లేకుండా మట్టి నింపింది. నింపుతూ ఆ కవర్లని తిట్టింది. కవర్లు నోరు మెదపవు కాబట్టి తిట్లు చిట్టియ్య దాకా వచ్చేవి. ఆయన పడ్డాడు. మానడం అంటే మాటలు కాదని ఆయనకి తెలుసు.

డిసెంబరు మొదటి వారంలో ఆ ఒక్క మొక్క చిగురు కూడా ముడుచుకుంది.

ఆ బుధవారం పొద్దున్న చిట్టియ్య కుండీ ముందు గొంతుక్కూర్చున్నాడు. పని మీదకి లేవలేదు. సంపూర్ణమ్మ ఈలోగా నాలుగైదు కవర్లు నింపింది.

"ఏమయ్యా, అంతసేపు చూస్తే అది సిగ్గుపడుద్ది."

"పోతోందే. ఇది కూడా పోతోంది."

"పోదా మరి. నేను ఆకు మానేసిన దగ్గర్నుంచీ దానికీ బాలేదు. నాకు లేని సుఖం దానికెక్కడిది?"

"నీ ఆకుకీ దానికీ ఏంటి సంబంధం?"

"ఆకుతో కాదు. వేలు తుడిచేదాన్ని కదా ఆ కుండీకి. గుంజకి పూస్తే నువ్వు అరుస్తావని."

చిట్టియ్య కుండీని తిప్పాడు. ఫొటోలు తూర్పు నుంచి తీశాడు, పడమర నుంచి తీశాడు, పైనుంచి తీశాడు. పీట వైపు నుంచి ఒక్కనాడూ తియ్యలేదు. ఆ వైపు కుండీ అంచు నుంచి నడుం దాకా సున్నం మందంగా పేరుకుని ఉంది. అంచు మీంచి లోపలికి జారి, మట్టిలో వేలెడంత మేర తెల్లగా దిగింది. ఆయన దాన్ని గోటితో గీకి చూశాడు. వాసన చూశాడు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొండంతా సున్నపురాయండి అన్న మాట, సంచీ, గుంట, బొటనవేలు.

"కడిగేశానే," అన్నాడు.

"ఏం కడిగావు?"

"నలభయ్యీ కడిగాను. రుద్ది రుద్ది కడిగాను."

ఏడుపొచ్చింది ఆయనకి. పాకలో పట్టపగలు, మట్టిగుట్ట పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు. ముప్ఫై నాలుగేళ్ళు తను కసిరిన వేలే మొక్కని నిలబెడుతూ వచ్చింది, పేరున్న తన చెయ్యి ముప్ఫైతొమ్మిదింటిని చంపింది. సంపూర్ణమ్మ బొడ్లోంచి ఇత్తడి డబ్బీ తీసి ఆయన ముందు పెట్టింది.

"ముందు ఇది రాయి."

"నా చెయ్యి వద్దు. నువ్వే రాయి," అన్నాడు.

ఆమె మూత తీసి, చిటికెడు నీళ్ళల్లో కలిపి, వేలితో కుండీ అంచంతా పూసింది. నోరూరింది కాబోలు, ఒకసారి గుటకేసి మూత పెట్టేసింది.

చిట్టియ్య గునపం తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. అయిదు నెలలు లారీలు తొక్కిన గుంట అది. మోకాలి లోతు తవ్వేసరికి రాజుగారు వచ్చారు.

"ఏంటి చిట్టియ్యా, మధ్యాహ్నం లోడు రావాలి."

"రాళ్ళు కావాలండి."

"రాళ్ళా? దేనికి?"

"మొక్కకండి."

రాజుగారు ఆయన మొహం చూసి, లోడుకి రేపు రమ్మని లారీవాడికి ఫోన్ చేశారు. సాయంత్రం దాకా చిట్టియ్య రాళ్ళకంటిన గోదారి మట్టిని కాలవ నీళ్ళల్లో అదే బొటనవేలితో రుద్ది రుద్ది కడిగాడు. అరసంచీ దొరికింది. ఎరువు వెయ్యని మట్టిలో రాళ్ళు కలిపి, మొక్కని కొత్త కుండీలోకి మార్చే పని సంపూర్ణమ్మకి అప్పజెప్పాడు. అప్పుడు ఆశాజ్యోతికి ఫోన్ చేశాడు. శనివారం కాకుండా ఆయనంతట ఆయన చెయ్యడం అదే మొదలు.

"మేడం గారూ, ఒక్కటే ఉందండి. మిగిలినవి నేను చంపేశానండి."

సంచీ సంగతి, కడగడం సంగతి, ఫొటోల సంగతి మొత్తం చెప్పాడు.

"తెలుసండి," అందావిడ. "అన్ని ఫొటోల్లోనూ ఒకే మొక్క, పక్కన అదే సున్నం పూసిన గుంజ."

"మరి అడగలేదేమండీ?"

"భయమేసిందండి. అడిగితే లేవని చెబుతారని. అందుకే చూడ్డానికి కూడా రాలేదు. ఆ ఒక్కటీ ఉంటుందంటారా?" అంది.

ఇదివరకటి చిట్టియ్య అయితే ఉంటుందనేవాడే. "తెలీదండి. ఈ మొక్క గురించి నాకేమీ తెలీదు. ఏం చెయ్యాలో చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు.

క్రిస్మస్‌కి ఇంటికి సున్నం వేస్తూ, తేరిన నీళ్ళు ఒక సీసాలో పట్టి, ఆవిడ చెప్పిన కొలత ప్రకారం కలిపి పోశారు. జనవరి మూడో వారంలో నల్లబడ్డ చిగురు పక్కనుంచి ఇంకో చిగురు లేచింది. మార్చికి పిలకలు వేసింది. పిలక తియ్యడం సంపూర్ణమ్మ పనే. చిట్టియ్య పక్కన కూర్చుని కత్తి అందించేవాడు. వీరవరం వాళ్ళు మళ్ళీ వచ్చి, వాళ్ళ తమ్ముడింటికి కొబ్బరిమొక్క పెట్టాలన్నారు. మా ఆవిణ్ణి తీసుకెళ్ళండి అన్నాడు. వింతగా చూశారు గానీ తీసుకెళ్ళారు. కొబ్బరిమొక్క బతికింది. కొబ్బరిమొక్క ఎవరు పెట్టినా బతుకుద్దని సంపూర్ణమ్మ అంది. రాజమండ్రి డాక్టరు బుగ్గ చూసి మచ్చ సగానికి తగ్గిందన్నాడు.

ఈ ఏడు ఆగస్టులో ఇరవై ఆరు కుండీలు జీపెక్కాయి. ముందు సీట్లో ఆశాజ్యోతి, వెనక కుండీల మధ్య మొగుడూపెళ్ళాలు. సంపూర్ణమ్మ పుట్టి బుద్ధెరిగి ధవళేశ్వరం గట్టు కంటే ఎత్తైన చోటు ఎక్కలేదు. ఘాట్‌రోడ్డు మీద చెవులు మూసుకుపోయాయంది. ఆవలించమన్నాడు చిట్టియ్య. ఆయనకి కూడా మూసుకుపోయాయి గానీ చెప్పలేదు.

తెల్లూటలో సగం నిజంగానే లేదు. తారురోడ్డు నున్నగా వెళ్ళిపోయింది. అవతలి సగంలో అడుగుపెట్టగానే చలి, తడి ఆకుల వాసన. ఫోన్‌లో చూసిన చెట్లే, మోకాళ్ళు పైకెత్తుకుని నిలబడి ఉన్నాయి. అడవి అల్లం ఎర్రగా పూసింది. ఊట దగ్గర తుంగ మొదళ్ళు, నాచు, పుల్లా పుడకా, అన్నింటి మీదా తెల్లటి పొరే. చిట్టియ్య నీళ్ళల్లోంచి ఒక ఆకు తీశాడు. సగం ఆకు, సగం రాయి. చేతిలో బరువుగా ఉంది. దాన్ని కడగాలని ఇప్పుడు అనిపించలేదు.

"మొదటిది మీ చేత్తో పెట్టండి, చిట్టియ్యగారూ," అంది ఆశాజ్యోతి.

"నా చేత్తో పెట్టినవి ముప్ఫైతొమ్మిది పోయాయండి. ఆవిడ చేత పెట్టించండి."

"నాకు కవర్లు నింపడమే వచ్చండి," అంది సంపూర్ణమ్మ. అంటూనే చీర బిగించి బురదలో దిగింది. వేళ్ళతో నాచు పక్కకి జరిపి, అడుగున తెల్ల గులక తగిలేదాకా తవ్వి, మొక్కని కూర్చోబెట్టి, చుట్టూ మట్టి అదిమింది. మధ్యాహ్నానికి ఇరవై ఆరూ అయిపోయాయి. ఆశాజ్యోతి ఒక్కోదాని పక్కా నంబరు పుల్ల గుచ్చుతూ, అయిదో పుల్ల దగ్గర ముక్కు ఎగబీల్చి, జలుబంది.

చిట్టియ్య ఆఖరి మొక్క దగ్గర వంగి, చొక్కా జేబులోంచి ఇత్తడి డబ్బీ తీశాడు. ఎనిమిది నెలలుగా ఆమెకి వాసన తగలకూడదని డబ్బీ ఆయన దగ్గరే ఉంటోంది, పొద్దున్నే కుండీలకి రాసేదీ ఆయనే.

"ఇక్కడ అక్కర్లేదండి," అంది ఆశాజ్యోతి. "కింద ఉన్నదంతా అదే."

అప్పటికే వేలికి అంటింది. చిట్టియ్య వేలు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. చేతికందింది పక్కనున్న చెట్టు వేరు. దానికి పూసేశాడు.

సంపూర్ణమ్మ నడుం మీద బురదచెయ్యి వేసుకుని చూస్తోంది.

"పుయ్యడానికి ఇదేమన్నా మీ నాన్న కట్టించిన గోడా?" అంది.

చిట్టియ్య వేలికి మిగిలిన సున్నం పంచెకి తుడుచుకున్నాడు. వెళ్ళి ఆమె నాటిన మొదటి మొక్క పక్కన కూర్చున్నాడు, జీపు హారను కొట్టేదాకా లేవలేదు.